తప్పుకు నవ్వని గది

జిల్లా విలేకరులుగా కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడడానికి వస్తారు. ఎన్నికల వార్తలు ఎలా రాయాలి, గొడవ జరిగిన ఊళ్లో ముందు ఎవరిని కలవాలి అని అడుగుతారు. బడుల గురించి ఎలా రాయాలని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. మా రోజుల్లోనూ అంతే. బడి వార్తలంటే చేరిన కొత్తవాడికి అంటగట్టే పని. పదో తరగతి ఫలితాలు, ఉపాధ్యాయుల ధర్నా, గోడ కూలిన తరగతి గది. ఈ మూడూ రాయడం వస్తే చాలనుకునేవారు.

నేను మాత్రం ఆ పనిని చివరిదాకా వదల్లేదు. ఎనభైల్లో, తొంభైల్లో నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో బస్సుల మీద తిరిగి రాసిన వార్తల్లో చాలావాటిని ఇప్పుడు చదివితే నాకే విసుగొస్తుంది. విసుగు రానివి కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి బడికి వచ్చిన ఒక కంప్యూటర్ గురించి. పత్రికలో అది లోపలి పేజీలో చిన్న పెట్టెలో వచ్చింది. నాకు పని నేర్పిన వార్త మాత్రం అదే. అందుకే దాన్నిక్కడ కొంచెం తీరిగ్గా చెబుతాను.

ముందే పెట్టిన హెడ్డింగు

ఎనభైల చివర్లో మా జిల్లాలో కొన్ని ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్లు వచ్చాయి. టీవీ లాంటి తెర, దాని ముందు టైపు మిషనుకు ఉన్నట్టు మీటలు, పక్కన పాటలు వినే టేప్ రికార్డర్. పాఠాలు మామూలు పాటల క్యాసెట్ల మీదే ఉండేవని చెబితే ఇవాళ్టి పిల్లలు నమ్మరు. క్యాసెట్ తిప్పితే గరగరమని చప్పుడు వచ్చేది. ఆ చప్పుడును మిషను తన పాఠంగా మార్చుకునేది. కరెంటు పోతే పాఠమూ పోయేది. మళ్లీ మొదటినుంచి ఎక్కించాలి.

మా ఇన్‌చార్జి నర్సింహాచారి గారు మంచి జర్నలిస్టు. తప్పుడు వార్తను వాక్యం చూసి పట్టేసేవారు. కానీ ఆయనకొక అలవాటుండేది. హెడ్డింగు ముందు తడితే, వార్తను దాని కొలతకు కుట్టించేవారు. ఒక రోజు నన్ను పిలిచారు.

"బడులల్ల కంప్యూటర్లు మూలకు పడ్డయట గదా. దుమ్ము, బూజు, తాళం. ఫోటో మంచిగ రావాలె."

"చూసొస్త సార్."

"చూసేదేముందయ్యా, హెడ్డింగు అయిపోయింది. వార్త నువ్వు తే."

నేను వేరే పని మీద దేవరకొండ దిక్కు పోవలసి వచ్చి, ఆ వార్త ఇంకొకరు రాశారు. అబద్ధం రాయలేదు. తాళం ఉంది, దుమ్ము ఉంది, సాలెగూడు ఉంది. ఫోటో కూడా బాగా వచ్చింది. వారం తిరక్కుండా జిల్లా కార్యాలయం కదిలింది. శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు లేని బడుల నుంచి మిషన్లను తీసి పట్టణంలోని పెద్ద బాలుర పాఠశాలకు చేర్చాలని నిర్ణయించింది. మా పత్రిక దాన్ని 'మా వార్తకు స్పందన' అని పెట్టె కట్టి వేసుకుంది. మా వృత్తిలో అంతకంటే తీపి మాట లేదు. ఆ మాట ఎవరి నోట్లో చేదవుతుందో చూసి రావడం మాత్రం మాకు అలవాటు లేదు.

తాళం ఎందుకు పడింది

కొత్తవాళ్లకు ముందుగా చెప్పేది ఇదే. బడిలో ఏ గదికైనా తాళం కనిపిస్తే, ఎందుకు వేశారని అడిగే ముందు, లోపలి వస్తువు పాడైతే ఎవరు జవాబు చెప్పుకోవాలో అడగండి.

హాలియా దారిలో కాలువకు పైభాగాన ఒక ఊరుంది. పేరు రాయను. కింది ఊళ్లకు సాగర్ నీళ్లు పారతాయి. ఈ ఊరు ఎత్తు మీద ఉంది కాబట్టి కాలువ కళ్లకు కనిపిస్తుందే కానీ నీళ్లు ఎక్కవు. బావులు, వాటి మీద మోటర్లు. అక్కడి బాలికల ఉన్నత పాఠశాలకు కూడా ఒక కంప్యూటర్ వచ్చింది. స్పందన పెట్టె అచ్చయిన తర్వాత నేను ఆ ఊరికి వెళ్లాను. మిషన్లను తీసుకుపోయే జీపు రాబోయే బడుల జాబితాలో దాని పేరు ఉందని విద్యాశాఖలో తెలిసినవాళ్లు చెప్పారు.

హెడ్మాస్టర్ రాఘవులు సార్ నన్ను కూర్చోబెట్టి చాయ్ తెప్పించారు. మెత్తటి మనిషి. రిటైర్మెంటు దగ్గర పడింది. దాచకుండా చెప్పారు.

"మీ పేపరోళ్లు రాసింది నిజమే సార్. ఇంతకుముందు నేనే తాళమేసిన. ట్రైనింగుకు పోయొచ్చిన సారు బదిలీ మీద పోయిండు. మిషన్ మాత్రం నా పేరు మీద ఉన్నది. ఒక మీట ఊడితే నన్నడుగుతరు. పిల్లలు దాన్ని ముట్టలేదని నన్నెవరన్న అడుగుతరా?"

బడికిచ్చిన వస్తువు వాడనందుకు ఎవరినీ మందలించరు. వాడి పాడుచేస్తే మందలిస్తారు. ఈ ఒక్క పద్ధతి ఎన్ని గదులకు తాళాలు వేయించిందో నేను తర్వాత చాలా ఊళ్లలో చూశాను. సైన్సు పరికరాలు, గ్లోబులు, రేడియోలు, చివరికి పుస్తకాల బీరువాలు కూడా.

"మరి ఇప్పుడు తాళం లేదా?" అన్నాను.

"లేదు సార్. మెహరున్నీసా టీచర్ తీయించింది. రోజూ వచ్చి గదుమ పట్టుకొని బతిమాలుడు ఒక్కటే తక్కువ. ఏమన్న అయితే నా పేరు చెప్పుండ్రి అన్నది. ఇగ ఏం జేస్త? మీరే పోయి చూడుండ్రి."

మెహరున్నీసా టీచర్ గది

మెహరున్నీసా టీచర్ లెక్కలు చెప్పేవారు. మిర్యాలగూడలో వాళ్ల నాయినది గడియారాల మరమ్మతు దుకాణం. కంప్యూటర్ మీద ఆమెకు ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. మిషనుతో వచ్చిన పుస్తకం ముందు పెట్టుకొని, ఒక్కొక్క మీట నొక్కి నేర్చుకున్నారు. ఒక చిన్న లెక్కల పాఠం సొంతంగా రాసి క్యాసెట్‌కు ఎక్కించారు. మిషను రెండు అంకెలు చూపి గుణించమంటుంది. జవాబు సరిపోతే 'గుడ్' అంటుంది. తప్పితే 'ట్రై అగైన్' అంటుంది. అంతే పాఠం.

నేను వెళ్లేసరికి గదిలో ఆడపిల్లలు గుంపుగా కూర్చుని ఉన్నారు. ఒకమ్మాయి మిషను ముందు. మిగతావాళ్లు కింద బండల మీద. బండల మీద సుద్దముక్కతో మీటలన్నీ గీసి ఉన్నాయి. తమ వంతు వచ్చేదాకా ఆ గీతల మీద వేళ్లు ఆడించుకుంటున్నారు. పైగా పద్యం వల్లించినట్టు అందరూ ఏదో గట్టిగా చదువుతున్నారు.

"పది, సీయెల్లెస్! ఇరవై, ఏ ఈక్వల్‌టు ఆరెన్డీ!"

"ఇదేందమ్మా?" అన్నాను.

"పాఠం సార్, మిషన్ భాషల. ఒక్కో వరసకు ముందు పది, ఇరవై అని నంబరుంటది," అని నవ్వారు టీచర్. "మా దగ్గర కరెంటు సంగతి తెల్వంది కాదు. నడుమ పోతది, పాఠం పోతది. క్యాసెట్ పెడితే ఒకసారి ఎక్కుతది, ఒకసారి ఎక్కది. పిల్లలు చూసీ చూసీ విసిగి మొత్తం కంఠస్థం చేసిన్రు. ఎక్కాలు నేర్చినట్టే. ఇప్పుడు క్యాసెట్ మొండికేస్తే వీళ్లే కొట్టి ఎక్కిస్తరు."

బట్టీ చదువును తిడుతూ నేనే ఎన్నో వార్తలు రాశాను. ఆ రోజు మాత్రం వాళ్లు వల్లిస్తున్న వరసలను నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

ఆ గదికి ఒక్కటే నియమం. ఎవరు తప్పు చేసినా ఎవరూ నవ్వకూడదు. నవ్విన పిల్ల ఆ రోజుకు బయటే. అది ఎందుకు పెట్టారో టీచర్ నన్ను వరండాలోకి తీసుకెళ్లి చెప్పారు.

"గా చివరికి కూసున్న పిల్లను చూసిన్రా? సువార్త. పోయిన యేడు ఒక సార్ క్లాసుల జవాబు చెప్పమంటే, తప్పు చెప్పింది. ఆయన ఆమె మాట్లాడినట్టు చేసి చూపిచ్చిండు. క్లాసంత నవ్విన్రు. గప్పటి సంది నోరు తెరవది. లెక్క వచ్చినా చెప్పది. ఇక్కడ మాత్రం మిషన్ ముందట కూసుంటె లెయ్యది సార్. పదిసార్లు తప్పుతది, పదకొండోసారి కొడతది. గా మిషన్ కోపం చెయ్యది, కులం అడగది, అలిసిపోది. చేతులు మాట్లాడుతున్నయి. నోరు గూడ వస్తది. జర టైం ఇయ్యాలె."

"జీపు వస్తదంటున్నరు."

ఆమె గదిలోకి, సువార్త వైపు చూశారు. "మిషన్ పోతే పోయింది సార్, ఇనుపడబ్బ. గా పిల్ల మళ్ల చివరి బెంచీకి పోతది. నాకు గదే ఫికర్."

తిరిగి వస్తుంటే బడి గేటు దగ్గర సువార్త తల్లి కనిపించింది. నాట్లకు పోయి వస్తున్నట్టుంది, పాదాలకు బురద ఆరి ఉంది. ఊరి చివర చర్చి పక్క వాడ వాళ్లది. టీచర్‌ను చూసి ఆగింది.

"ఏం టీచరమ్మా, మా దానికి నోరొచ్చిందా లేదా?"

"వస్తది మరియమ్మా, నువ్వు తొందరపడకు."

"తొందర నాకు కాదమ్మా, దాని నాయినకు. లెక్కల తప్పితే బడి బందుపెట్టి నాతోటి నాట్లకు పంపుమంటున్నడు. ఈ యేడు సూస్తమన్న. పాసైతే సదువు. లేకుంటే బురదే."

నవ్వుతూనే అంది. కానీ ఆ నవ్వులో జోకు లేదు.

లింగయ్య మోటరు

ఈ కథలో ఇంకొక మనిషి ఉన్నాడు. బడి వెనక పొలం లింగయ్యది. బడికి, ఆయన బావి మోటరుకు ఒకటే ట్రాన్స్‌ఫార్మర్. పగటిపూట కరెంటు వచ్చేదే కాసేపు. వచ్చిందంటే లింగయ్య మోటరు వేసేవాడు. మోటరు లేచిందంటే బడిలో వోల్టేజీ పడిపోయి, తెర మీద బొమ్మ ముడుచుకుపోయి, చుక్కయి ఆరిపోయేది. పాఠం పోయేది.

టీచర్ వెళ్లి అడిగితే ఆయన మొదట తగువుకే వచ్చాడట. ఆ తగువును ఆయనే నాకు చెప్పాడు.

"నీ టీవీకి, నా మోటరుకు ఒకటే తల్లి పాలు టీచరమ్మా అన్న. ఇద్దరం ఒక్కపారే తాగితే ఇద్దరికీ నిండది అన్న. మరి గామె ఏమన్నదో తెల్సా? అయితే ముందు చిన్నపిల్లకియ్యి తాతా అన్నది. ఇగ నోరు మూసుకున్న."

ఒప్పందం ఇదీ. కరెంటు రాగానే మొదటి పీరియడ్ మిషనుది. పాఠం అయిపోగానే బడి అటెండర్ జంగయ్య గంటను ఆగకుండా గణగణ కొడతాడు. మామూలు గంటకు ఒక దెబ్బ, రెండు దెబ్బలు. ఈ గంట వింటే లింగయ్య మోటరు వేసుకోవచ్చు. ఊళ్లో దానికి 'మోటరు గంట' అని పేరు పడింది. ఆ గంట వినగానే పక్క బావుల వాళ్లు కూడా లేచి స్టార్టర్ల దగ్గరికి పోయేవారట.

బడుల్లో యంత్రాల గురించి రాసేవాళ్లు ధర రాస్తారు, సంఖ్య రాస్తారు. ఆ యంత్రం నడవడానికి ఊళ్లో ఎవరెవరు ఏమేం సర్దుకున్నారో రాయరు. అది రాయకపోతే వార్త సగమే.

గరగరమనే క్యాసెట్

దసరా సెలవులు ముగిసి బడి తెరిచే రోజే జీపు వస్తుందని తెలుసుకొని పొద్దున్నే మొదటి బస్సుకు వెళ్లాను. బడిలో అప్పటికే గొడవగా ఉంది. జంగయ్య గోడకు ఆనుకుని నేల చూపులు చూస్తున్నాడు. టేప్ రికార్డర్ లోంచి ఒక ముసలావిడ బతుకమ్మ పాట వినిపిస్తోంది. రాఘవులు సార్ తల పట్టుకున్నారు.

"ఏం జేసినవురా! అధికారి వస్తడు, ఏం చూపియ్యాలె? మీ అవ్వ పాటనా?"

జరిగింది ఇది. జంగయ్య చెల్లెలిని కొల్లాపూర్ దిక్కు ఇచ్చారు. ఆమె నిండు నెలలతో ఉంది కాబట్టి ఆ యేడు బతుకమ్మకు పుట్టింటికి రాలేదు. అవ్వ పాట వినాలని ఉందని కబురు పంపింది. జంగయ్య పండగ సెలవుల్లో బడి టేప్ రికార్డర్ ఇంటికి తీసుకెళ్లి, అందులో ఉన్న క్యాసెట్ మీదే అవ్వ పాటలు ఎక్కించాడు.

"అండ్ల పాటలేం లేవు సార్," అన్నాడు జంగయ్య. "పెట్టి చూసిన. గరగర అంటాంది. ఖరాబైందనుకున్న. మంచి పాటలుంటే నేనెట్ల చెరుపుత?"

ఆ మాటకు నాకు నవ్వొచ్చింది. ఆపుకున్నాను. ఆ చప్పుడే పాఠమని అతనికి ఎవరూ చెప్పలేదు.

మెహరున్నీసా టీచర్ పాట అయ్యేదాకా విన్నారు. క్యాసెట్ తీసి జంగయ్య చేతిలో పెట్టారు.

"మంచిగ పాడింది అవ్వ. పంపు మీ చెల్లెకు."

"మరి పాఠం టీచర్?"

"పాఠం క్యాసెట్ల లేదు జంగయ్య," అని గదిలోకి చూశారు. పిల్లలు అప్పటికే బండల మీద సుద్ద గీతల ముందు కూర్చున్నారు.

జీపు వచ్చిన రోజు

అధికారి రామచంద్రం సార్ మధ్యాహ్నానికి ముందే వచ్చారు. గుమాస్తాగా టైపు కొట్టి పైకి వచ్చిన మనిషి. కఠినుడేమీ కాదు. ఆయన చేతిలో ఉన్న కాగితం ప్రకారం ఈ బడిలో శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు లేడు. కాబట్టి మిషను పోవాలి. డ్రైవర్ పాత బొంత ఒకటి భుజాన వేసుకుని గడపలో నిలబడ్డాడు. మిషనును చుట్టడానికి.

"వాడుతున్నం సార్," అన్నారు టీచర్.

"సంతోషమమ్మా. కాగితంల లేదు."

"ఒక్క పీరియడ్ చూడుండ్రి సార్. తర్వాత మీ ఇష్టం."

ఆయన గడియారం చూసుకున్నారు, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కరెంటు లేదు. అందరం గోడ మీది బల్బు వైపు చూస్తూ కూర్చున్నాం. అధికారి మళ్లీ గడియారం చూశారు. అప్పుడు బల్బు వెలిగింది.

పిల్లలు ఒక్కరూ లేవలేదు. వరసలో మొదటి అమ్మాయి గొంతెత్తింది. "పది!" సువార్త మిషను ముందు కూర్చుని కొట్టడం మొదలుపెట్టింది. ఒకరు ఆపిన చోట ఇంకొకరు అందుకుంటున్నారు. చెప్పేది వాళ్లు, కొట్టేది ఆ పిల్ల. ఆమె మాట్లాడదు కాబట్టి ఆ పని ఆమెకు వచ్చిందట.

నడుమలో వెనక కిటికీ దగ్గర లింగయ్య గొంతు.

"ఏం జంగన్నా, గంట మరిచినవా? కరెంటొచ్చి ఎంతసేపాయె! నారుమడి ఎండుతాంది నాది!"

జంగయ్య కిటికీకి అడ్డంగా ఉరికాడు. "ఆగు తాతా, నీ కాళ్లు మొక్కుత. ఆఫీసరొచ్చిండు. మిషన్ తీస్కపోతరంట."

"తీస్కపోతే నాకు మంచిదే గదా!"

"మంచిదే. రేపటి సంది మోటరు గంట కొట్టేది లేదు, కరెంటొచ్చిందో లేదో నువ్వే చూసుకో."

లింగయ్య ఏదో గొణిగాడు. కానీ మోటరు చప్పుడు రాలేదు. తర్వాత జంగయ్య చెప్పాడు, ముసలాయన పాఠం అయ్యేదాకా స్టార్టర్ డబ్బా పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడని, ఇంకా అయిపోలేదా అని అడుగుతూనే ఉన్నాడని.

పాఠం ఎక్కింది. తెర తుడుచుకుపోయి రెండు అంకెలు వచ్చాయి. పదిహేను, ఎనిమిది.

"సార్, మీరు కూసోండ్రి," అన్నారు టీచర్.

అధికారి మొహమాటపడుతూ మిషను ముందుకు జరిగారు. పాతకాలం టైపు మిషన్లు చాలావాటిలో సున్నాకు వేరే మీట ఉండేది కాదు. 'ఓ' అక్షరాన్నే సున్నాగా కొట్టేవాళ్లం. నాకూ అదే అలవాటు. ఆయన వేళ్లు చకచకా కదిలాయి. ఒకటి, రెండు, ఆ తర్వాత అలవాటు ప్రకారం 'ఓ'.

ట్రై అగైన్.

ఆయన మళ్లీ కొట్టారు. పదిహేను ఎనిమిదులు నూట ఇరవై కాదా అని తనలో తాను అనుకోవడం నాకు వినిపించింది. ట్రై అగైన్. చెవులు ఎర్రబడ్డాయి. ఓ పెద్ద అధికారి, ఎనిమిదో తరగతి పిల్లల ముందు, ఎక్కం తప్పాడు. నేను పిల్లల మొహాల వైపు చూశాను. ఏ బడిలోనైనా ఆ క్షణంలో ఒక్కరైనా కిసుక్కుమంటారు. ఒక్కరూ నవ్వలేదు. పెదవి బిగపట్టి ఆపుకున్న మొహాలు కూడా కావవి. తమ వంతు కోసం చూస్తున్నట్టు, ఇంకోసారి కొడతారని చూస్తున్నట్టు చూస్తున్నారంతే.

అప్పుడు సువార్త మాట్లాడింది. గొంతు చాలా చిన్నది.

"సార్, నాకు గూడ మొదట్ల గట్లనే అయింది."

గది మొత్తం ఆమె వైపు తిరిగింది.

"ఎట్ల అయిందమ్మా?" అన్నారు అధికారి.

"అది ఓ, సార్. సున్న ఇక్కడుంటది." వేలితో చూపింది. "మీ లెక్క కరెక్టే."

ఆయన సున్నా మీట నొక్కారు. గుడ్. ఆయన నవ్వారు, అప్పుడు పిల్లలూ నవ్వారు.

ఆయన గడప వైపు తిరిగి డ్రైవర్‌తో అన్నారు. "బొంత జీపుల వెయ్యి." తర్వాత రాఘవులు సార్‌తో, "ట్రైనింగు అయిన మనిషి లేడని మీరే రాసిచ్చిన్రు. వచ్చే ట్రైనింగుకు ఈ టీచర్ పేరు రాసి పంపుండ్రి. అప్పటిదాంక మిషన్ ఇక్కడ నడుస్తాందని నేను రాసుకుంట," అన్నారు.

రాఘవులు సార్ తేరుకుని జంగయ్యకు సైగ చేశారు. గణగణమని గంట మోగింది. మరుక్షణమే వెనకాల మోటరు లేచింది. తెర మీది బొమ్మ ముడుచుకుని చుక్కయి ఆరిపోయింది.

"అరే, ఏమైంది?" అని అధికారి ఉలిక్కిపడ్డారు.

"ఏం కాలేదు సార్," అంది ముందు వరస పిల్ల. "లింగయ్య తాత నారుమడి తాగుతాంది."

పెట్టె వార్త

సాయంత్రం బస్సు కండక్టర్ చేతికి వార్త కవర్ ఇచ్చి, ఆఫీసుకు ఫోన్ చేశాను.

"దుమ్ము ఉన్నదా?" అన్నారు నర్సింహాచారి గారు.

"లేదు సార్. మోటరుంది."

"ఏం మోటరు?"

చెప్పాను. మొత్తం విన్నారు. చివర్లో, "హెడ్డింగు నువ్వే పెట్టు," అన్నారు. నాకు తెలిసి ఆయన ఆ మాట ఇంకెవరితోనూ అనలేదు. వార్తను మాత్రం కత్తిరించి పెట్టెలో వేశారు. వార్తలోంచి లింగయ్య పోయాడు, క్యాసెట్ పోయింది. అధికారి, మిషను, పిల్లలు మిగిలారు. పేజీలో జాగా అంతే అన్నారు. కోపం రాలేదు. జాగా సంగతి నాకూ తెలుసు.

సువార్త ఆ యేడు పాసైంది. పదో తరగతి కూడా పాసైందని తర్వాత విన్నాను. ఆమె పెద్ద ఇంజనీరయిందని రాస్తే మీకు బాగుంటుంది, కానీ ఆ తర్వాతి సంగతి నాకు తెలియదు. విలేకరి బతుకులో ఎంతోమంది ఇలాగే నడుమ స్టేజీలో దిగిపోతారు. సువార్త బురదలోకి దిగకుండా ఆ యేడు ఆగింది. ఆ యేడు ఆగడానికి ఆ గది సాయపడింది. నేను కళ్లారా చూసింది అంతవరకే.

తొంభైల్లో చౌటుప్పల్ దారి పొడవునా ప్రైవేటు బడుల బోర్డుల మీద కంప్యూటర్ బొమ్మలు మొలిచాయి. కొన్నిచోట్ల బొమ్మే తప్ప మిషను లేదు. మిషను ఉన్న కొన్నిచోట్ల అది ఆఫీసు గదిలో తెల్లగుడ్డ కప్పుకుని, తల్లిదండ్రులకు చూపించడానికి ఉండేది. అలాంటివి చూసి, బడికి యంత్రాలెందుకని చాలామంది పెద్దలు రాశారు. నేనూ కొంత రాసేవాణ్నేమో, ఆ గదిని చూడకపోతే. యంత్రం బడికి చేసే మేలు యంత్రంలో ఉండదు. తప్పు చేసిన పిల్లకు ఇంకోసారి అవకాశం, ఎవరూ చూసి నవ్వకుండా, దొరుకుతుందా లేదా అన్నదాంట్లో ఉంటుంది. మంచి టీచర్ ఆ పని యంత్రం లేకుండానూ చేయగలరు. కానీ గదినిండా పిల్లలుంటే ఒక్కొక్కరికి అన్నిసార్లు ఓపిక పట్టడం మనిషికి కష్టం. మిషనుకు ఆ కష్టం లేదు. అందుకే మెహరున్నీసా టీచర్ మిగిలిన ఓపికను, మాట రాని పిల్ల పక్కన కూర్చోవడానికి దాచుకోగలిగారు.

కాబట్టి కంప్యూటర్ల వార్తకు వెళ్లినప్పుడు ఎన్ని ఉన్నాయని అడగండి, తప్పులేదు. ఆ తర్వాత ఒక పీరియడ్ పూర్తిగా కూర్చోండి. ఎవరో ఒక పిల్ల తప్పు చేసేదాకా ఆగండి. అప్పుడు మిగతా పిల్లల మొహాలు చూడండి. మీ వార్త అక్కడుంటుంది.

తొంభైల చివర్లో మా నల్లగొండ ఆఫీసుకూ కంప్యూటర్లు వచ్చాయి. ఇక కాగితాలు పంపొద్దు, ఎవరి వార్త వాళ్లే కొట్టుకోవాలన్నారు. మా ఈడువాళ్లం మీటల ముందు అక్షరాలు వెతుక్కుంటూ కూర్చునేవాళ్లం. నా మొదటి వార్త మునుగోడు దిక్కు ఒక బడి గురించి. దాదాపు పూర్తయింది. అప్పుడు కరెంటు పోయింది. మళ్లీ వచ్చేసరికి తెర ఖాళీగా ఉంది. పక్కనున్న మిత్రుడు తన వార్తా పోయిందని తల కొట్టుకుంటున్నాడు. ఎవరో ఇచ్చిన ప్రకటన చూసి కొట్టిన వార్త అది. ఆ కాగితం ఎక్కడ పెట్టాడో వెతుకుతున్నాడు.

నాకు కాగితం అక్కర్లేదు. ఆ బడికి నేను వెళ్లాను, ఆ పిల్లలతో మాట్లాడాను. కుర్చీ ముందుకు జరుపుకుని, మనసులో 'పది' అనుకుని, మొదటి వాక్యం మళ్లీ మొదలుపెట్టాను.